రేపల్లె దారిలో గడ్డిదూడ

పశువులు సుఖంగా ఉన్నాయో లేదో చూసి మార్కులు వేయడానికి తెనాలి వెళుతున్నానంటే మా అనంతపురంలో ఒక్కరూ నమ్మలేదు. మనుషులకి వేయడం అయిపోయిందా అని పక్కింటావిడ అడిగింది. ఆవిడకి ఏదో సర్దిచెప్పి రైలెక్కాను.

నేను పశువైద్యురాలిని. రిటైరై ఇంట్లో కూర్చుని మనవళ్ళ మీద కేకలేస్తున్న రోజుల్లో ఈ పని వచ్చింది. ఒక సంస్థ కొన్ని దేశాల్లో పాడిపశువులు, కోళ్ళు ఎలా బతుకుతున్నాయో ఒకే కొలతతో కొలిచి, పోల్చి చూడాలనుకుంది. డెన్మార్క్ ఆవు గురించి అడిగిన ప్రశ్నలే మన గేదె గురించీ అడగాలి. నీళ్ళు అందుతున్నాయా, పడుకునే చోటు పొడిగా ఉందా, ఒంటిమీద గాయాలున్నాయా, మనిషి చెయ్యి చాపి ఎదురుగా నడిస్తే ఎంత దూరంలో బెదురుతుంది, దూడ తల్లి దగ్గరే ఉందా. ఇలాంటివి. శిక్షణంతా కంప్యూటర్లోనే అయింది. అందులో ఒక డేనిష్ అమ్మాయి తన ఫారం చూపించింది. ఆవులు నిగనిగలాడుతూ ఉన్నాయి. ఈనిన రోజే దూడని తీసుకెళ్ళి వేరే గూట్లో పెట్టి, బకెట్టుతో పాలు పడుతున్నారు. కాగితంలో దూడ ప్రశ్నకున్న ఆ ఒక్క గడిలో వాళ్ళకి సున్నా పడింది. మనం మరీ అంత కఠినులం కాదులే, దూడని తల్లి దగ్గరే కట్టేస్తాం అని నేను కొంచెం గర్వపడ్డాను. ఆ గర్వం నాలుగు రోజులు కూడా నిలవలేదు.

నా వంతుకి తెనాలి, బాపట్ల, రేపల్లె వచ్చాయి. జొన్నరొట్టె దేశం నుంచి పాలూ పెరుగుల దేశానికి పోతున్నాను కదా, పనితోపాటు విహారమూ అవుతుందనుకున్నాను.

తెనాలి

తుపాను దాటిపోయిన వారం అది. గుంటూరు దాటాక రైలు కిటికీలోంచి చూస్తే కోతకొచ్చిన వరి నీళ్ళలో పడి ఉంది. గట్ల మీద మనుషులు ఊరికే నిలబడి చూస్తున్నారు. వాన రాక ఏడ్చే జిల్లా మాది. వచ్చిన వాన ఏడిపించడం నేను దగ్గరగా చూడటం ఇదే మొదలు.

స్టేషన్లో యేసుపాదం గారు గొడుగుతో ఎదురొచ్చారు. పశువుల ఆసుపత్రిలో అటెండరుగా చేసి దిగిపోయిన మనిషి. ఈ మూడు ఊళ్ళ చుట్టుపక్కల ఆయన తొక్కని దొడ్డి లేదట. అందుకే ఆయన్ని నాకు తోడుగా ఇచ్చారు. తెల్లచొక్కా, నెమ్మదైన మాట, ఖాళీ దొరికితే గొంతులోనే కీర్తన తీసుకుంటూ ఉంటారు. తిన్నగా టిఫిన్ హోటలుకి తీసుకెళ్ళారు. పెసరట్టు, అందులో ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. అరవై రూపాయలు. మా వైపు ఉగ్గాని బజ్జీ తిన్న కడుపుకి అది పూటభోజనంతో సమానం. అల్లం పచ్చడి ఘాటుకి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, మీ సీమ వాళ్ళకి కారం కొత్తా అని సర్వరు నవ్వాడు. కారం కొత్త కాదు నాయనా, కారంలో బెల్లం వేయడం కొత్త అన్నాను.

కాఫీ వచ్చాక యేసుపాదం గారు అసలు మాట ఎత్తారు.

"మేడమ్, చివర్లో ఒక్క గంట మా చెల్లెలి ఇంటికి రావాలండి. రేపల్లె అవతల."

చెల్లెలి పేరు మార్తమ్మ. భర్త పోయాడు. కూలి పనికి వెళుతుంది, ఒక గేదె ఉంది. కూలి లేని రోజుల్లో ఇల్లు నడిచేది ఆ గేదె పాల మీదే. దూడ చచ్చిపోయింది. అప్పట్నుంచి గేదె చేపడం లేదు, అంటే పాలు పొదుగులోనే బిగబట్టుకుంటోంది. వాములో గడ్డి తుపానుకి తడిసి బూజు పట్టింది. బేరగాడు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు, శనివారం మళ్ళీ వస్తాడు. మధ్యలో ఎదకొస్తే దున్నపోతుకి దాటించారు. చూడి కట్టి ఉంటే ఎలాగోలా అప్పో సప్పో చేసి మేపుకుంటుంది. కట్టకపోతే అమ్మేస్తుంది. చెయ్యి పెట్టి చూడటం యేసుపాదం గారికీ వచ్చు గానీ, ఈ మధ్య ఆయన వేళ్ళకి స్పర్శ తగ్గిందట కాబట్టి నేను చూసి చెప్పాలి.

అలాగేనన్నాను. బేరగాడికి అమ్మితే ఆ గేదె ఎక్కడికి వెళుతుందో ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు చూసింది ఊరి శివార్లలో పెద్ద డెయిరీ. యజమాని సుబ్బారావు గారు డెబ్బై దాటిన మనిషి, నన్ను అమ్మాయ్ అనే పిలిచారు. రేకుల షెడ్డు, కింద సిమెంటు, వరసగా గేదెలు. మెడతాడు ఎంత పొట్టిగా ఉందంటే, పక్కకి తిరిగి తన వీపు తాను నాక్కోవడానికి కూడా వీల్లేదు. ఎంత దూరంలో బెదురుతాయో చూద్దామని చెయ్యి చాపి నడుస్తుంటే గేదెలు ఒక్కొక్కటే తాడు తెగేలా వెనక్కి లాగాయి. వాటిని చూస్తూ నడిచిన నేను పేడ కాలవలో కాలేసి పూర్తిగా కూలబడ్డాను. పాలేర్లు నవ్వు ఆపుకోలేకపోయారు. యేసుపాదం గారు గొట్టంతో నా కాళ్ళమీద నీళ్ళు కొడుతూ, అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నది మన ఉద్యోగం చూసే పుట్టిందండీ అన్నారు.

ఒక మూల దూడలు కట్టేసి ఉన్నాయి. అన్నీ పెయ్యలే, ఒక్క మగదీ లేదు. ఇన్ని గేదెలు ఈనితే సగమైనా పోతుదూడలు పుట్టాలి కదా, అవేవని అడిగాను.

"అవి నిలవవమ్మాయ్," అన్నారు సుబ్బారావు గారు. తర్వాత బెల్లం జిలేబీ తెప్పించారు. వేడివేడిగా, పాకం కారుతూ ఉంది. తిన్నాను. బాగుందని కూడా చెప్పాను.

బాపట్ల

బాపట్లలో కోళ్ళ ఫారం. షెడ్డులోకి అడుగుపెట్టే ముందు మందునీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచమన్నారు. వంగినప్పుడు సంచిలోంచి కాగితాలు జారి అందులోనే పడ్డాయి. ఆరబెట్టేదాకా మేనేజరు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు, చదువుకున్నవాడు, ఏదీ దాచలేదు. తీగల గూళ్ళు, గూటికి నాలుగైదు కోళ్ళు. ఒకటి కూర్చోవాలంటే ఇంకొకటి లేవాలి. రెక్క విప్పడమనేది ఆ కోళ్ళకి తెలియదు. తీగల మధ్య తల ఇరుక్కున్న ఒక కోడిని మెల్లగా విడిపించాను. అది నా వేలు పొడిచింది. తప్పేం లేదు.

కొన్ని దేశాల్లో ఇలాంటి గూళ్ళు చట్టం పెట్టి తీసేశారని అతనికి చెప్పాను.

"ఆ దేశాల్లో గుడ్డు ఎంతండి మేడమ్?" అని అడిగాడు. నాకు తెలిసినంతలో చెప్పాను. "ఇక్కడ ఏడు రూపాయలండి. ఎనిమిదైతే పేపర్లో వేస్తారు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం తిన్న భోజనంలో కోడిగుడ్డు పులుసు వచ్చింది. నూట ఇరవై రూపాయల భోజనం, గోంగూర, గడ్డపెరుగు. పెరుగు చెంచాతో కోస్తే అచ్చంగా ముక్కలా లేచింది. మా ఇంట్లో ఇలాంటి పెరుగు పెళ్ళికి కూడా చూడం. పక్క బల్ల దగ్గర ఒకాయన తన కూతురికి తినిపిస్తూ, పొద్దున్నే పాలుపోసే మనిషి నీళ్ళు కలుపుతోందని ఆవేశపడుతున్నాడు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నేను అన్నంలో కలుపుకుని తిన్నాను.

సాయంత్రం సూర్యలంక వెళ్ళాం. సముద్రం ఇంకా బురదరంగులోనే ఉంది. పడవలు ఇసుకలోకి లాగేసి ఉన్నాయి. ఎండుచేప అమ్మే ఒకావిడ మెడలో వేలాడే నా కార్డు చూసి ఏంటమ్మా పని అని అడిగింది. చెప్పాను. ఆవిడకి తెగ నవ్వొచ్చింది.

"మా చేపకెన్ని మార్కులేత్తారక్కా?"

చేపకి గడి లేదమ్మా అన్నాను.

"పోన్లే. ఏటకెళ్ళే మావోళ్ళకీ లేదుగా," అంది.

నవ్వుతూనే అంది. తుపానుకి వాళ్ళింటి కప్పు లేచిపోయిందని చేపలు సర్దుకుంటూ చెప్పింది. ఎండు నెత్తళ్ళు కాస్త కొన్నాను. ఆ వాసనకి రేపల్లె బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది.

రేపల్లె

రేపల్లె చేరేసరికి శుక్రవారం మధ్యాహ్నం. బస్సు రెండుచోట్ల నీళ్ళలో ఆగి ఆలస్యమైంది. యేసుపాదం గారు కీర్తన మానేశారు. బేరగాడు వచ్చేది మర్నాడు పొద్దున్నే. అడవులదీవి వైపు పోయే దారిలో ఒక పేట. తెల్లటి చిన్న చర్చి, దాని వెనక వరసగా ఇళ్ళు, మార్తమ్మ ఇల్లు చివరిది. ఆవిడ వాకిట్లోనే ఉంది. యాభై ఏళ్ళుంటాయేమో. అన్నని చూసి మంచినీళ్ళు తెచ్చింది, నన్ను చూసి నులకమంచం మీద దుప్పటి పరిచింది. ముందు గేదెని చూద్దాం అన్నాను.

గేదె పేరు రాణి. పాక చిన్నదే అయినా నేల మీద ఇసుకపోసి పొడిగా ఉంచింది. పాక గుంజల మీద వాననీరు నిలిచిన మరకలు మోకాలెత్తున ఉన్నాయి, ఇంటి గోడల మీద లేవు. తుపాను రాత్రి గేదెని ఇంట్లో కట్టేసి తను పాకలో కూర్చుందట. మెడతాడు పొడుగ్గా ఉంది. కుండలో కుడితి. ఒంటి మీద గీత లేదు. అలవాటు కొద్దీ చెయ్యి చాపుకుంటూ ఎదురు నడిచాను. రాణి బెదరలేదు. తనే ఒక అడుగు ముందుకు వేసి నా అరచేయి వాసన చూసింది. ఇన్ని దొడ్లు తిరిగినా అలా వచ్చిన పశువు ఇదే. నాకు సంతోషమైంది, ఆ సంతోషంలోనే భుజందాకా తొడుగు వేసుకున్నాను.

మార్తమ్మ గేదె మొహం రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నేను లోపల చెయ్యి పెట్టి వెతికాను. చూడి కట్టి ఉంటే గర్భసంచి ఒకవైపు ఉబ్బి, నీటితిత్తిలా వేళ్ళకి తగలాలి. నాకలా తగల్లేదు. మళ్ళీ వెతికాను. చెయ్యి తీసేసి, ఇంకోసారి పెట్టి వెతికాను. గర్భసంచి రెండు కొమ్మలూ సన్నగా, ఒట్టిగా ఉన్నాయి.

ఆవిడ నా మొహం చూసి తెలుసుకుంది.

"కట్టలేదాండి?"

కట్టలేదన్నాను. ఆవిడ గేదె కళ్ళ దగ్గర పుసి తుడిచింది. పోనీ పాలు చేపే సూది అయినా వేసి చూడమంది. పొదుగు నొక్కి చూశాను, అప్పటికే ఆరిపోతోంది. సూది వేస్తే ఒకటి రెండు పూటలు కాసిని పాలు వస్తాయి, పశువుకి నొప్పి తప్ప లాభం లేదని చెప్పాను.

"సూదేత్తే నొప్పంటారు. ఎయ్యకపోతే కోతకి పోద్ది. ఏది నొప్పో మీరే చెప్పండమ్మగారూ," అంది.

కోపంతో అనలేదు. నిజంగానే అడిగింది. ఇన్నేళ్ళ చదువూ సర్వీసూ ఉండి నేను తొడుగు విప్పి చేతులు కడుక్కున్నాను.

పాక మూల గోనెపట్టా కప్పిన ఆకారం ఒకటి ఉంది. మార్తమ్మ పట్టా తీసింది. దూడ. నాలుగు వెదురుకర్రల కాళ్ళు, కళ్ళున్నచోట పురికొసతో కుట్లు. చచ్చిన దూడ తోలు ఒలిచి, ఉప్పూ సున్నం పట్టించి, లోపల గడ్డి కుక్కి పొరుగూరి మనిషి చేసిపెట్టాడట. దూడ పక్కనే ఉందనుకుంటే తల్లి చేపుతుందని ఆశ. పూర్వం నుంచీ ఉన్న పద్ధతే. మా వైపు చిన్నప్పుడు విన్నాను గానీ చూడలేదు. మార్తమ్మ దాని వీపు మీద తవుడూ బెల్లం నీళ్ళూ చిలకరించి రాణి ముందు పెట్టింది. రాణి గొంతులో ఒక చిన్న శబ్దం చేసింది. ఈనిన గేదె దూడతో మాత్రమే చేసే శబ్దం అది. తర్వాత ఆ తోలుని తోకనుంచి చెవులదాకా నాకడం మొదలుపెట్టింది.

"నాకుద్దండి. రోజూ నాకుద్ది. పాలు మాత్రం ఇవ్వదు," అంది మార్తమ్మ. "ఇది తాగట్లేదుగా."

దూడ ఎలా పోయిందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. యేసుపాదం గారు బయటికి వెళ్ళి నిలబడ్డారు.

"ఒక చన్ను దూడకొదలాలండి. మా అమ్మ ఎప్పుడూ పిండేది కాదు, అది దూడదేననేది. నేనూ పెయ్యదూడలకి వదిలేదాన్ని. ఇది పోతుదూడ. దీన్నేం చేసుకుంటాంలే అని నాలుగోదీ పిండేశాను. చేపేదాకా కాస్త తాగనిచ్చి లాగేసేదాన్ని. రెండు నెలలు అట్టాగే ఉంది. ఒకరోజు పొద్దున లేవలేదు."

నిలవవమ్మాయ్ అన్న మాటకి అర్థం నాకు తెనాలిలోనే తెలుసు. పశువైద్యురాలిని, తెలియకపోవడమేమిటి? అయినా ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పింది మార్తమ్మ పాకలోనే. పెద్ద షెడ్డులో ఎన్ని పోయినా ఏమీ ఆగదు. ఒక్క గేదె ఉన్న ఇంట్లో ఆ ఒక్క దూడతోపాటు అన్నీ ఆగిపోయాయి. పిండుకున్న ఆ నాలుగో చన్ను పాలు పూటకి అరలీటరు ఉంటాయేమో. ఆ అరలీటరు కూడా ఈ డెల్టాలో ఎవరి కాఫీలోనో పడింది.

నా కాగితంలో దూడ తల్లి దగ్గరే ఉందా అన్న గడి వచ్చింది. ఏం వేయాలో తోచక సంస్థలో పైవాళ్ళకి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను. అవతలి అబ్బాయి ఓపిగ్గా విని, చనిపోయే రోజుదాకా తల్లి దగ్గరే ఉంది కాబట్టి 'అవును' అని వేసేయండి, పూర్తి మార్కులే అన్నాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు. బిడ్డని మొదటి రోజే దూరం చేసి కడుపునిండా పాలు పట్టే దేశానికి సున్నా, తల్లి పక్కనే కట్టేసి ఆకలితో చంపే మనకి పూర్తి మార్కులు. అతనితో పోట్లాడాను. మీ అభిప్రాయం చివర్లో రాయండి మేడమ్ అన్నాడు. చివర్లో రెండు గీతలంత చోటు ఉంది. గడిలో 'అవును' అనే వేశాను.

గేదెని ఉంచుకోమని మార్తమ్మకి చెప్పాలనిపించింది. చెప్పే హక్కు ఎక్కడిది? మళ్ళీ ఎదకొచ్చి, కట్టి, ఈనేసరికి ఏడాది దాటుతుంది. అన్నాళ్ళు ఎండుగడ్డి కొనాలి, ఈ తుపాను తర్వాత గడ్డి ధర వడ్లతో పోటీపడుతోంది. కొంత డబ్బు నేనిస్తానన్నాను. యేసుపాదం గారు నా వంక చూసి, ఈ పేటలో ఇలాంటివి ఇంకా ఏడున్నాయి మేడమ్ అన్నారు. నేను పర్సు తిరిగి సంచిలో పెట్టేశాను. ఆ రాత్రి వాళ్ళింట్లోనే నా నెత్తళ్ళు వంకాయతో వండారు. చాలా రుచిగా ఉన్నాయని అందరం పొగిడాం. ఎవరి కంచంలోనూ అన్నం తరగలేదు.

శనివారం

మంచు తొలగకముందే బేరగాడు చిన్న ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. చెడ్డవాడేం కాదు. మార్తమ్మని వదినా అని పిలిచాడు. బేరం పెంచమంటే కొంచెం పెంచాడు. ఆటో వెనక పలక ఆనించి రాణిని తీసుకొచ్చారు. పలక దగ్గరకి రాగానే రాణి నాలుగు కాళ్ళూ నేలలో పాతేసినట్టు నిలబడింది. ముందునుంచి ఇద్దరు లాగారు, కదల్లేదు. కళ్ళు తెల్లగా తిప్పింది. బేరగాడు అలవాటుగా వెనక్కి వెళ్ళి తోక అందుకున్నాడు. మెలిపెడితే నొప్పికి ఎక్కుతుంది, అందరూ చేసేదే.

"తోక ముట్టుకోవద్దయ్యా," అంది మార్తమ్మ.

పాకలోకి వెళ్ళింది. గడ్డిదూడని చంకనెత్తుకుని వచ్చింది. పలక మీదుగా ఆటో ఎక్కి, లోపలి మూలన దాన్ని నిలబెట్టి, పడిపోకుండా తాడుతో కట్టింది. కిందికి దిగి పక్కకి తప్పుకుంది.

రాణి తల ఎత్తి వాసన చూసింది. నిన్న విన్న ఆ చిన్న శబ్దం మళ్ళీ చేసింది. పలక మీద ఒక కాలు వేసింది, తర్వాత రెండోది. తనంతట తానే లోపలికి నడిచి, దూడ వీపు నాకడం మొదలుపెట్టింది.

దూడని దింపి ఇచ్చెయ్యనా వదినా అని బేరగాడు అడిగాడు.

"పోనీ అయ్యా. సంతదాకా అయినా ఉంటది," అంది.

ఆటో చర్చి పక్కనుంచి మలుపు తిరిగేదాకా ఆవిడ చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి పాక చిమ్మింది. యేసుపాదం గారు ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

తిరుగు రైల్లో కాగితాలు పూర్తి చేశాను. చివరి పేజీలో పశువుని వాహనం ఎక్కించే తీరు గురించి మూడు ప్రశ్నలుంటాయి. కర్రతో కొట్టారా? లేదు. తోక మెలిపెట్టారా? లేదు. తనంతట తానే ఎక్కిందా? అవును. నేను చూసిన అన్ని పశువుల్లోనూ ప్రతి గడిలో పూర్తి మార్కులు వచ్చింది ఆ గేదెకొక్కదానికే.